పీట వేయని కల

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్తరేవులో ఎవరికీ కునుకు పట్టదు. ఎండ నడినెత్తికి వచ్చినా, కడుపులో పప్పన్నం బరువుగా కూర్చున్నా, వీధి పొడవునా ఏదో ఒక సంకల్పం పని చేస్తూనే ఉంటుంది. పక్కింటి బుల్లెమ్మ గారు డెబ్బై దాటాక మొదలుపెట్టిన చీనా భాషను వరండాలో గట్టిగా వల్లె వేస్తూ ఉంటుంది. ఎదురింటి మేడమీద ఎవరో ఎగిరే పడవకు రెక్కలు బిగిస్తూ ఉంటారు. వీధికుక్కలు తప్ప ఆ వేళకు ఊళ్లో నిద్రపోయే ప్రాణి లేదు.

వకుళ వంటింటి బల్ల మీద పోటుతలుపుల నమూనా పెట్టుకుని సాధన చేస్తోంది. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న కడలికట్టకు వరసగా ఇనుప తలుపులుంటాయి. పోటు వచ్చినప్పుడు వాటిని దించాలి, పోటు తీసినప్పుడు ఎత్తాలి. ఏది ముందు, ఏది వెనక అన్నదే విద్య. బేసిన్లో నీళ్లు పోసి అలలు పుట్టించి, అరచేయంత తలుపులను ఒక్కొక్కటే దించుతోంది. బల్లకు ఆ చివర ఆమె భర్త అనంతం వేళ్లతో మృదంగం వాయిస్తున్నాడు.

"ఏవండీ, మీ తాళానికి నా సముద్రం ఉలిక్కిపడుతోంది."

"మిశ్రచాపు. సముద్రానిక్కూడా అలవాటవ్వాలి కదా."

"పున్నమినాడు నేను తలుపులు దించేటప్పుడు కూడా ఇలాగే వాయిస్తారా?"

"పిలిస్తే వస్తాను. సంభావన ఏమిస్తావు?" అన్నాడు, వేళ్లు ఆపకుండా.

అప్పుడు గుమ్మంలో దగ్గు వినిపించింది. చయనులు గారు, ఆ ఇంటి పురోహితుడు, గొడుగు ముడుస్తూ నిలబడి ఉన్నారు. వకుళ తడి చేతులతో నమస్కారం పెట్టింది. అనంతం లేచి నిలబడ్డాడు. మాటలు మొదలయ్యాయి. పౌర్ణమి ముందురోజు, శ్రావణ శుద్ధ చతుర్దశి నాడు అనంతం తల్లి శేషమాంబ గారి సంవత్సరీకం. ఎన్ని విస్తళ్లు, ఏయే దానాలు, నువ్వులు ఎక్కడివి, అన్నీ గుమ్మంలోనే నడిచాయి. చాలాసేపటికి గాని వకుళకు తట్టలేదు, పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నారని.

శేషమాంబ గారు బతికుండగా ఆ ఇంట్లో అలా జరిగేది కాదు. ఇంటికి వచ్చిన మనిషికి ముందు పీట, తరవాత నీళ్లు, ఆ తరవాతే మాట. అది ఆవిడ వేదం. నిలబెట్టి మాట్లాడడమంటే పొమ్మని చెప్పడమే అనేది. గోడలోంచి కుర్చీలు వాటంతటవే బయటికొచ్చే కాలంలో కూడా ఆవిడ పనసచెక్క పీటను స్వయంగా తెచ్చి, కొంగుతో తుడిచి వేసేది. ఆ పీట ఇప్పుడు పొయ్యి పక్కన గోడకు ఆనించి ఉంది.

వకుళ నాలుక కరుచుకుని గోడ తట్టింది. కుర్చీ బయటికి వచ్చింది. చయనులు గారు కూర్చుని మంచినీళ్లు తాగారు.

"ఇంకొకటి అడగాలి," అన్నారాయన. "అడగడం ఆనవాయితీ కాబట్టి అడుగుతున్నాను. ఈ ఏడాదిలో అమ్మగారు మీ ఇద్దరిలో ఎవరికైనా కలలో కనపడ్డారా? ఏమైనా అడిగారా?"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోయినవాళ్లకు ఏదైనా లోటుంటే కలలోకి వచ్చి చెప్తారని, దాన్ని సంవత్సరీకంలో దానం చేస్తే వాళ్లకు అందుతుందని ఆ వైపు ఇళ్లలో నమ్మకం. శేషమాంబ గారి అత్తగారు గొడుగు అడిగిందట. ఆవిడ మామగారు ఒక్క బెల్లంముక్క అడిగారట.

"లేదండీ," అన్నాడు అనంతం.

"మీరే కాదు నాయనా. ఈమధ్య ఏ ఇంట్లో అడిగినా ఇదే జవాబు. ఎవరికీ ఎవరూ కనపడరు. మొదట్లో సంతోషించాను, పైవాళ్లకు ఏ లోటూ లేదు కాబోలు, మనం బాగా చేయిస్తున్నాం కాబోలు అని." ఆయన గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పారు. "మా నాన్నగారు పోయి చాలా కాలమైంది. నాకూ కనపడలేదు. నాకు రాత్రంతా శాలువాలే. పండిత సభ, శాలువా. మర్నాడు పండిత సభ, ఇంకో శాలువా. ఆయన వద్దామనుకున్నా ఎక్కడ చోటుందమ్మా?"

అనంతం నవ్వాడు. వకుళకు నవ్వు రాలేదు.

ఆయన కలకు కారణం కలదివ్వె. బొటనవేలంత రాగి దివ్వె అది, మంచం తలవైపు ఉంటుంది. జీవితంలో ఏం కావాలో సంకల్ప కేంద్రానికి వెళ్లి చెప్పుకుంటే, వాళ్లు ఆ కోరికను కలగా మలిచి అందులో పెడతారు. నిద్ర పట్టగానే దివ్వె వెలుగుతుంది. కోరిక తీరిన రోజును మనిషి తెల్లవార్లూ చూస్తాడు. లేచేసరికి ఒళ్లంతా ఒక వేడి. దానికి జనం పెట్టిన పేరు ఊపు. ఆ ఊపు మళ్లీ రాత్రి దాకా ఆరదు. దివ్వెలు వచ్చాక ఊళ్లో ఎవరి నోటా "రేపు చూద్దాంలే" అన్న మాట లేదు. కాలవలు పూడికలు తీసుకున్నాయి. తాగుడు మానేసినవాళ్లున్నారు. సముద్రం పాత ఊరిని మింగేస్తే, ఇంత కట్ట కట్టుకుని దాని వెనక మళ్లీ ఊరు నిలబెట్టుకున్నది కూడా ఆ ఊపుతోనే. దివ్వె చెడ్డదని అనడానికి ఎవరికీ నోరు రాదు.

వకుళకు అసలే రాదు. పెళ్లైన కొత్తలో ఆమె కట్ట మీద తలుపుల గిలకలకు గ్రీజు పెట్టే పనిలో ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కట్ట గురించి అత్తగారికి చెప్పేది. శేషమాంబ గారికి మోకాళ్ల నొప్పులు. కట్ట మెట్లు ఎక్కలేదు. ఎప్పుడు నిలబడ్డా బరువంతా ఎడమకాలి మీద వేసి, ఒక చెయ్యి ద్వారబంధానికి ఆనించేది. ఒకరోజు కూర తరుగుతూ అడిగింది.

"పైన మంచె ఉంటుందన్నావు కదే, సారథి నిలబడేది. అక్కణ్ణించి చూస్తే ఏం కనపడుతుంది?"

"నేనెక్కడ చూశానత్తయ్యా. కట్టసారథి తప్ప ఎవరూ ఎక్కకూడదు."

"అయితే నువ్వే సారథివి అవ్వు. ఎక్కి చూసి, ఏం కనపడిందో నాకు చెబుదువుగాని."

మర్నాడు వకుళ సంకల్ప కేంద్రానికి వెళ్లి, "కట్టసారథిని కావాలి" అని చెప్పి వచ్చింది. ఏడేళ్లు గడిచాయి. గ్రీజు పనినుంచి గిలకలకు, గిలకలనుంచి తలుపులకు, తలుపులనుంచి ఉపసారథి దాకా ఎక్కింది. ఇప్పటి సారథి ఈ పున్నమితో విరమిస్తున్నాడు. ఆనాటి పోటును ఆమె ఒక్కతే మంచె మీద నిలబడి ఆపాలి. అదే పరీక్ష. తప్పితే ఆ కుర్చీలోకి మరొకరు వస్తారు, మళ్లీ ఎన్నేళ్లకో.

ఆ రాత్రి కలలో వకుళ రోజూలాగే మెట్లెక్కింది. తడి మెట్లు, సముద్రపు హోరు, కింద నవ్వు ముఖాలతో జనం. పైన మంచె మీద తాకుపలక నీలంగా వెలుగుతోంది. దాని మీద చెయ్యి వేయగానే తలుపులు దిగాలి, చప్పట్లు మోగాలి, మెలకువ రావాలి. ఏడేళ్లుగా అదే వరస. కాని ఈసారి చయనులు గారి మాట మనసులో ఎక్కడో ముల్లులా ఉంది. ఎక్కుతూ ఎక్కుతూ కంటికొసతో జనం వైపు చూసింది. అందరికంటె వెనక, ఇసకలో, ఎవరో ఒక ముసలావిడ ఉంది. బరువంతా ఎడమకాలి మీద వేసి, ఒక చెయ్యి దీపస్తంభానికి ఆనించి నిలబడి ఉంది.

ఆగాలనుకుంది. కాళ్లు ఆగలేదు. చెయ్యి పలకను తాకింది. చప్పట్లు మోగాయి. తెల్లవారింది.

మంచం మీద కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చింది. ఆ మనిషి రాత్రి కొత్తగా రాలేదు. నిన్న ఉంది. మొన్న ఉంది. ఆషాఢంలో ఉంది. తను చూసింది, చూసి ఎక్కిపోయింది.

సంకల్ప కేంద్రంలో ఆ వీధి దివ్వెలన్నీ చూసుకునే దివ్వెకాపరి హైమ. కుదురైన పిల్ల, వకుళను అక్కా అంటుంది. వకుళ చెప్పింది విని, దివ్వెను అద్దం కింద పెట్టి చాలాసేపు పరీక్షించింది.

"మీ కలలో జనాన్ని తయారుచేసింది మేమేనక్కా. ప్రతి ముఖం నాకు తెలుసు. అందులో ముసలివాళ్లు లేరు."

"ఒక్కరూనా?"

"పెట్టమండీ. ముసలి ముఖాలు కనపడితే ఊపు తగ్గుతుందని మావాళ్లు కనిపెట్టారు. ఏడుపు ముఖాలు, రోగిష్టి ముఖాలు, ముసలి ముఖాలు, ఏవీ ఉండవు."

"మరి ఆవిడ ఎలా వచ్చింది?"

"మనసులో ఏదో మూల మిగిలింది కలలోకి చొరబడుతుంది. ఒక్కోసారి అవుతుంది. కంగారు పడకండి, తుడిచేస్తాను. పెద్ద పని కాదు, కాఫీ తాగి వచ్చేలోపు అయిపోతుంది."

ఆ పిల్ల చెయ్యి అప్పుడే దివ్వె మీదికి వెళ్లింది. వకుళ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఉండనీ."

"అక్కా, పరీక్ష దగ్గర పడింది. మీరు కలలో ఆవిడ కోసం ఆగినా, వెనక్కి తిరిగినా కల ధార తెగిపోతుంది. తెగిన ధారను మళ్లీ అతికించడానికి నెలలు పడుతుంది. పున్నమినాడు మీ ఒంట్లో చిటికెడు ఊపు ఉండదు. ఊపు లేకుండా ఆ మంచె ఎక్కినవాళ్లు ఇంతవరకు లేరు."

"ఆవిడ ఇంటికొచ్చి నిలబడ్డ మనిషే హైమా," అంది వకుళ. హైమకు అర్థం కాలేదు. వకుళ దివ్వెను చీరకొంగులో చుట్టుకుని బయటికి వచ్చింది.

వెనక్కి తిరగడం అనుకున్నంత తేలిక కాలేదు. రెండు రాత్రులు ప్రయత్నించింది. కలలో తన కాళ్లు తనవి కావు. ముసలావిడ వెనకే ఉందని తెలుసు, చూపు కూడా అటే ఉంది. అడుగు మాత్రం పై మెట్టు మీదే పడుతుంది. పొద్దున లేచేసరికి ఎప్పటికంటె ఎక్కువ ఊపు, ఎప్పటికంటె ఎక్కువ బెంగ.

చివరికి చయనులు గారి ఇంటికి వెళ్లింది. ఆయన దర్భలు ఆరబెట్టుకుంటున్నారు. అంతా విని, ఆశ్చర్యపోలేదు, అవునని అనలేదు, కాదనీ అనలేదు.

"కేంద్రంలో సంకల్పం ఎలా చెప్పావమ్మాయ్?"

"కట్టసారథిని కావాలి అన్నానండి."

"అంతేనా?"

"అంతే అడిగారండి వాళ్లు."

చయనులు గారు దర్భలు పక్కన పెట్టారు. "మనం పూజకు కూర్చుంటే సంకల్పం ఎలా చెప్తాం? ఏ దేశం, ఏ నది ఒడ్డు, ఏ తిథి, ఏ గోత్రం, ఏ పేరు. ఆ తరవాత సహకుటుంబానాం. ఇంత చెప్పాక, చిట్టచివర, కోరిక. చిన్నప్పుడు నాకు విసుగొచ్చేది, దేవుడికి తెలియదా మన అడ్రసు అని. నాన్నగారు ఏమన్నారో తెలుసా? అది దేవుడికి కాదురా, నీకే, నువ్వు ఎక్కడున్నావో ఎవరి మనిషివో మరిచిపోకుండా అడగడానికి అన్నారు." ఆయన కాస్త నవ్వారు. "దివ్వెకు నువ్వు చివరి ముక్క ఒక్కటే చెప్పావు. నేనూ అంతే చెప్పాననుకో. శాలువా."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మిగతాది నువ్వే చెప్పుకో. దానికి కేంద్రం దాకా ఎందుకు?"

త్రయోదశి నాటి సాయంత్రం వకుళ దేవుడి దగ్గర దీపం పెట్టి, చేతిలో నీళ్లు పోసుకుని, ఊరు చెప్పుకుంది, గోదావరి చెప్పుకుంది, తిథి, గోత్రం, పేరు చెప్పుకుంది. అనంతం పేరు చెప్పింది. ఇక కోరిక మిగిలింది. కట్టసారథిని కావాలి అన్న మాట నాలుక మీదకు వచ్చింది గాని, దాని వెనకాల ఇంకో మాట తోసుకొచ్చింది. ఎక్కి చూసి, ఏం కనపడిందో అత్తయ్యకు చెప్పాలి. అదీ తను అడగాల్సింది. ఏడేళ్ల కింద కూర తరుగుతూ ఆవిడ అన్న మాట. దివ్వె మొదటి సగం ఉంచి రెండో సగం పారేసింది. తనూ పారేసింది.

పడుకోబోయే ముందు పొయ్యి పక్కనున్న పీట తెచ్చి మంచం పక్కన పెట్టుకుంది. దాని అంచు మీద చెయ్యి వేసి పడుకుంది.

"ఇదేమిటి కొత్తగా?" అన్నాడు అనంతం.

"మీ అమ్మ పీట."

అతను పీటను ఒకసారి తడిమి, పక్కకు తిరిగి పడుకున్నాడు.

కలలో మెట్లు, హోరు, నవ్వు ముఖాలు, అన్నీ ఉన్నాయి. కాని కుడిచేతిలో పీట ఉంది. పనసచెక్క బరువు, అంచున అరిగిన నునుపు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కుతూ పైదాకా వెళ్లింది. తాకుపలక నీలంగా వెలిగింది. పలక కుడిచెయ్యే అడుగుతుంది. కుడిచేతిలో పీట. పీటను ఎక్కడ పెట్టాలా అని చూసింది. మంచె మీద చోటు లేదు. పీటకు ఒకటే చోటు, వచ్చిన మనిషి ముందు.

వకుళ వెనక్కి తిరిగింది.

తిరగగానే హోరు ఆగిపోయింది. నవ్వు ముఖాల జనం పొగమంచులా విడిపోయి దారి ఇచ్చారు. మెట్లు దిగి ఇసకలో నడిచింది. శేషమాంబ గారు దీపస్తంభం ఆనుకుని ఉంది, ఎప్పుడూ కట్టుకునే జరీ లేని ఆకుపచ్చ చీరలోనే. వకుళ పీట వేసి, కొంగుతో తుడిచింది.

"కూర్చోండత్తయ్యా."

"ఇన్నాళ్లకా వేశావు," అంది ఆవిడ, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుంటూ. "నిలబడీ నిలబడీ పిక్కలు లాగేస్తున్నాయే."

"పిలవచ్చు కదా."

"పైకెక్కే మనిషిని వెనకనుంచి పిలవకూడదు."

వకుళ ఇసకలో ఆవిడ పక్కన కూలబడింది. "ఏం కావాలత్తయ్యా? రేపే సంవత్సరీకం. ఏం కావాలో చెప్పండి, చేయిస్తాం."

"నాకేం కావాలే? పైనుంచి ఏం కనపడుతోందో చెప్తావని వచ్చాను. రోజూ ఎక్కుతున్నావు. ఏం కనపడింది?"

వకుళ మంచె వైపు తలెత్తి చూసింది. ఏడేళ్లుగా ప్రతిరాత్రీ ఆ మంచె ఎక్కింది. ఒక్కనాడూ సముద్రం వైపు చూడలేదు. చూడడానికి అక్కడ ఏమీ లేదు. దివ్వె తయారుచేసినవాళ్లు మెట్లు పెట్టారు, పలక పెట్టారు, చప్పట్లు పెట్టారు. పలకకు అవతల ఏదీ పెట్టలేదు.

"తెలియదత్తయ్యా," అంది చిన్నగా. "చూసి చెప్తాను."

"సరే. కూర్చునే ఉంటాను."

మెలకువ వచ్చేసరికి తెల్లవారుతోంది. తలవైపు దివ్వె ఆరిపోయి ఉంది. ఒంట్లో వేడి లేదు. చాలా ఏళ్ల తరవాత ఒక మామూలు ఉదయం వచ్చి మంచం మీద కూర్చున్నట్టుంది. కాళ్లు బరువు. లేవాలనిపించలేదు. భయం వేసింది, తరవాత ఏడుపు వచ్చింది. కాసేపు ఏడ్చి, లేచి, స్నానం చేసి, పిండాలకు బియ్యం కడిగింది.

సంవత్సరీకం పూర్తవుతుండగా చయనులు గారు ఆనవాయితీ ప్రకారం మళ్లీ అడిగారు. "అమ్మగారు ఏమైనా అడిగారా?"

"కూర్చోవడానికి పీట," అంది వకుళ.

అనంతం చటుక్కున తలెత్తి భార్యను చూశాడు. సాయానికి వచ్చిన బుల్లెమ్మ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చయనులు గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పనసచెక్క పీటను దానం పట్టి, అంగవస్త్రంలో చుట్టుకున్నారు. సాయంత్రానికి ఆ మాట వీధి వీధంతా తిరిగింది. విన్నవాళ్లు నవ్వలేదు. ఒక్కొక్కరూ ఏదో గుర్తుచేసుకున్న ముఖాలతో తలుపులు వేసుకున్నారు.

పౌర్ణమి ఉదయం పోటు మొదలవుతుండగా వకుళ కట్ట దగ్గరికి వచ్చింది. చేతులు చల్లగా ఉన్నాయి. చిన్నప్పుడు బడిలో పద్యం అప్పజెప్పడానికి లేచి నిలబడ్డప్పుడు ఇలాగే ఉండేదని గుర్తొచ్చింది. జనం చాలామందే వచ్చారు. అందరికంటె ముందు వరసలో చయనులు గారు పనసచెక్క పీట వేసి, దాని పక్కన తాను నిలబడ్డారు.

"ఇదేమిటండీ, దానం ఇచ్చింది మళ్లీ తెచ్చారు?" అన్నాడు అనంతం.

"దానం పట్టాక నా పీట. నా ఇష్టం, ఎవరికి వేసినా."

వకుళ మెట్లెక్కింది. ఏ శక్తీ తోయలేదు. ప్రతి మెట్టూ తానే ఎక్కాల్సి వచ్చింది. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది కూడా. మంచె మీద పాత సారథి పక్కకు తప్పుకుని తాకుపలక చూపించాడు. పలక నీలంగా వెలిగింది. కలలో అయితే ఆ క్షణానే చెయ్యి దాని మీద పడేది.

ఆమె చెయ్యి వేయలేదు. చూసి చెప్తానని మాట ఇచ్చింది కాబట్టి, ముందు తలెత్తి చూసింది.

"ఏమమ్మా, పోటు ఎక్కుతోంది," అన్నాడు పాత సారథి.

"ఒక్క క్షణం బాబాయి గారూ. ఏరు ఇంకా దిగుతోంది."

నిజమే. ఎగువన కురిసిన వానల నీరు ఎర్రగా, ఉత్తరపు తలుపుల గుండా ఇంకా సముద్రంలోకి పోతోంది. అన్నీ ఒక్కసారి మూస్తే ఆ నీరు ఊరి మీదికి తిరుగుతుంది. ఆయన కూడా వంగి చూసి, చేతులు కట్టుకున్నాడు. వకుళ దక్షిణం వైపు తలుపులు ముందు దించింది. ఎర్రనీళ్లు పలచబడేదాకా భయంభయంగా కాచుకుని, ఉత్తరానివి ఒక్కొక్కటే దించింది. చివరి తలుపు కూర్చున్న చప్పుడు కట్టంతా పాకింది. సముద్రం వచ్చి ఇనుమును తట్టి, వెనక్కి పోయింది.

చప్పట్లు మోగాయి. ఆమె ఆ చప్పట్ల వైపు తిరగలేదు. ఇంకా కాసేపు అటే చూస్తూ నిలబడి, మెట్లు దిగి నేరుగా పీట దగ్గరికి వచ్చి నేలమీద కూర్చుంది. అప్పుడు గమనించింది, చయనులు గారు వేసినది ఒక్కటే కాదు. కట్ట పొడవునా ఎవరెవరో ఏవేవో తెచ్చి వేశారు. ఒకరు ప్లాస్టిక్ కుర్చీ, ఒకరు తుంగచాప, ఎవరో పాత నవారు మంచమే మోసుకొచ్చారు. వాటి మీద ఎవరూ కూర్చోలేదు, ఎవరింట్లో పోయినవాళ్లకు వాళ్లు వేసినవి అవి. చయనులు గారి రెండో పక్కన వాళ్ల నాన్నగారికని ఒక కృష్ణాజినం పరిచి ఉంది. రాత్రి కలలో పండిత సభలో శాలువా కప్పబోతుంటే ఆయన కూడా వెనక్కి తిరిగి చూశారట.

హైమ జనంలోంచి వచ్చి వకుళ పక్కన గొంతుక్కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, రాత్రి మన వీధిలో ధారలన్నీ తెగిపోయాయి. తెల్లారేసరికి కేంద్రం నిండా జనం తెచ్చి పెట్టిన ఆరిపోయిన దివ్వెలు. ఇవాళ వీధిలో ఎవరికీ ఊపు లేదు."

"ఎవరూ పనిలోకి రాలేదా?"

"అదే నాకు అర్థం కావడం లేదు. అందరూ వచ్చారు. కొంచెం ఆలస్యంగా వచ్చారంతే."

అనంతం వచ్చి అటువైపు కూర్చున్నాడు. వేళ్లు ఇవాళ దేని మీదా వాయించడం లేదు. "నేను కూడా రాత్రి కలలో, నా కచేరీ సభలో దీపాలు వెయ్యమన్నాను. ఇన్నాళ్లూ చీకట్లోనే చప్పట్లు విన్నాను కదా, ఎవరు కొడుతున్నారో చూద్దామని. ముందు వరసల్లో నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. చివర్న మా నాన్న ఉన్నాడు. నా చిన్నప్పుడు పోయిన నాన్న. గోడకానుకుని హాయిగా నిద్రపోతున్నాడు."

"మీ కచేరీకా?"

"ఆయన ఎవరి కచేరీకైనా అంతే. బాగుంటేనే నిద్రపోయేవాడని అమ్మ చెప్పేది."

వకుళ నవ్వింది. పీట వైపు తిరిగింది.

"ఏమంత లేదత్తయ్యా. నీళ్లే. ఏరు ఎర్రగా వస్తుంది, సముద్రం నీలంగా ఉంటుంది, రెండూ కలిసేచోట తాడు వేసినట్టు ఒక గీత. ఆ గీత మీద పిట్టలు. అంతకు మించి అటు ఏమీ లేదు." ఊరి వైపు తల తిప్పింది. "వెనక్కి తిరిగితే ఊరు కనపడుతుంది. మన పెరడు కనపడుతుంది. మీరు కూర్చుని కూర తరిగే రాయి కూడా, ఇంత స్పష్టంగా. నేను ముందే సారథినై ఉంటే, మీరక్కడ కూర్చుని ఉండగా పైనుంచి చూసేదాన్ని."

పీట మీద ఎండ పడింది. ఎవరో పులిహోర పంచారు. పోటు తీసింది, తలుపులు ఎత్తారు. ఎండ నడినెత్తికి వచ్చింది. జనం చాపల పక్కనా మంచం పక్కనా వాలి పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. వకుళ ఒక చెయ్యి పీట మీద వేసి, దాని మీద తల ఆనించింది.

కొత్త సారథి మెడలో వేయాల్సిన దండ పట్టుకుని హైమ వచ్చింది. లేపబోయింది.

"లేపకే," అంది బుల్లెమ్మ గారు మెల్లగా. "ఎన్నేళ్లైందో, ఈ ఊళ్లో మధ్యాహ్నం ఒక మనిషి నిద్రపోయి."